పీఠం మీద ఒక పేరుకు చోటు

మొన్నటి శ్రీరామనవమికి ముందు మా ఊరి రామాలయంలో వాహనాలను బయటికి తీసి దుమ్ము దులుపుతున్నప్పుడు, హనుమంత వాహనం కుడి భుజం దగ్గర అతుకు విచ్చుకుని వేలు దూరేంత సందు ఏర్పడి ఉండటాన్ని అర్చకులు చూశారు. స్వామి పాదాలు ఆనేది ఆ చేతుల మీదనే కాబట్టి, ఆ వాహనాన్ని పదహారు మంది భుజాలకెత్తుకుని నాలుగు వీధులూ తిప్పాలి కాబట్టి, అది చూసీ చూడనట్టు వదిలేయదగిన లోపం కాదు. చేసినవారినే పిలిపించి బాగు చేయిద్దామని కమిటీ పెద్దలు అనుకుని, వివరం కోసం పీఠానికి బిగించిన ఇత్తడి పలకను తుడిచి చదివారు. దాని మీద మా తాతగారి పేరు, ఆయన జ్ఞాపకార్థం వాహనాన్ని సమర్పించిన మా నాన్నగారి పేరు, మా గోత్రం, 1994 అన్న సంవత్సరం స్పష్టంగా ఉన్నాయి. చేసినవారి పేరు లేదు. నవమికి నాలుగు రోజులే మిగిలి ఉండటంతో నెల్లూరు నుంచి ఒక మనిషిని పిలిపించగా, అతను సందులో జిగురు పోసి, పైనుంచి మూడు ఇనుప మరలు బిగించి, వాటి మీద రంగు పూసి వెళ్ళాడు. ఉత్సవం జరిగిపోయింది.

ఈ సంగతి నాకు రెండు నెలల తరువాత తెలిసింది. ఆ వాహనాన్ని చేసిన ఆచారి మామ మా ఊరికి ఆరు మైళ్ళ దూరంలోనే ఉన్నారని, డెబ్బై అయిదేళ్ళ వయసులో ఇప్పటికీ రోజూ పొద్దున రెండు గంటలు ఉలి పడుతున్నారని చెప్పగలిగిన మనిషిని ఊళ్ళో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను అడగాలన్న ఆలోచన కమిటీ వారికి రావడానికి ఆధారమేదీ లేదు. ఆ ఆధారం లేకుండా చేసింది మా ఇల్లే. పలక మీద ఏమి రాయాలో ఇత్తడి పనివాడికి కాగితం మీద రాసి ఇచ్చింది మా నాన్నగారు. ఆ కాగితం పట్టుకుని ఆయన వెంట నెల్లూరు సంతపేటకు వెళ్ళింది నేను. గుడికి ఇచ్చే వాహనం మీద, తలుపు మీద, రథం మీద దాత పేరు ఎంత తప్పనిసరో, చెక్కిన శిల్పి పేరు కూడా అంత తప్పనిసరి కావాలని నేను ఇక్కడ వాదించబోతున్నాను. మా ఇంటి తప్పును మొదట ఒప్పుకోకుండా ఆ మాట అనే అర్హత నాకు లేదు.

మాది పెన్న ఉత్తరపు గట్టున కోవూరు దాపున ఉన్న ఊరు. ఆచారి మామతో మాకు రక్తసంబంధం లేదు, ఊరి వరస మాత్రమే. ఆయన తండ్రి ఎడ్లబండ్లు చేసేవారు. తుమ్మ చెక్కతో చక్రం నడిమి కుంభం, దాని చువ్వలైన ఆకులు తయారు చేసి, ఎర్రగా కాల్చిన ఇనుప కమ్మిని చక్రానికి ఎక్కించి, నీళ్ళు పోసి బిగించే ఆ పనిలోనే మామ చెయ్యి తిరిగింది. చక్రం తిరగడానికి ఒక్క వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదని, బొమ్మ చెక్కడం దానికంటే సులువని ఆయన ఇప్పటికీ అంటారు. ట్రాక్టర్లు వచ్చి బండ్ల పని తగ్గిపోయినప్పుడు, ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలకు వెళ్ళి, కొయ్యబొమ్మలకు పేరుపడిన ఆ ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర మూడేళ్ళు ఉన్నారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో నెలకొల్పిన సంప్రదాయ శిల్పకళా సంస్థలో చేరాలన్న కోరిక ఉండేదట. అక్కడ శిలా శిల్పం, సుధా శిల్పం, లోహ శిల్పంతో పాటు దారు శిల్పం కూడా నేర్పుతారు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉండటం వల్ల జీతం లేని చదువుకు వీలు పడలేదు.

తిరిగి వచ్చాక ఇరవై ఏళ్ళ పాటు ఆయన బతుకుతెరువు ద్వారబంధాలే. గడప మీద పద్మం, పైకమ్మి మీద గజలక్ష్మి, రెండు పక్కలా చిలకలు, అరటి గెలలు. మా మండలంలో ఆ రోజుల్లో కట్టిన పెద్ద ఇళ్ళ గుమ్మాలు చాలావరకు ఆయనవే, కానీ ఆ ఇళ్ళవాళ్ళను ఇప్పుడు అడిగితే చెక్క ఎక్కడ కొన్నారో చెబుతారు, ఎంత పెట్టి కొన్నారో చెబుతారు, చెక్కిందెవరంటే "ఎవరో ఆచారి" అంటారు. ఆ మధ్యలో పెళ్ళిపీటలు, ఉయ్యాల బల్లలు, దేవుడి మందిరాలు లెక్కలేనన్ని చేశారు. వాహనాల పని 1990 తరువాత మొదలైంది. నాకు తెలిసినంతలో గరుడ, హంస, గజ, అశ్వ వాహనాలన్నీ కలిపి నెల్లూరు, ప్రకాశం జిల్లాల గుళ్ళలో ఆయనవి పదిహేనుకు తక్కువ లేవు. వాటిలో సగం ఒక కంట్రాక్టరు ద్వారా చేసినవి. ఆ సగానికి దేవాలయాల లెక్కల్లో ఉండేది కంట్రాక్టరు పేరే.

మా హనుమంతుడు తయారైన ఎనిమిది నెలలూ నేను ప్రతి ఆదివారం ఆయన షెడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చెక్కడం మొదలైన నాటికే ఆ టేకు దుంగలు కోసి రెండేళ్ళయింది. వాటిని నేల తగలకుండా, మధ్యలో బద్దలు పెట్టి, గాలి ఆడేట్టు పేర్చి నీడలో ఆరబెట్టారు. పచ్చి చెక్కను చెక్కితే ఏమవుతుందో ఆయన నాకు వేప కొమ్మ ముక్క మీద చూపించారు: చుట్టూ తిరిగే దిక్కున చెక్క ఎక్కువగా కుంచించుకుపోతుంది, లోపలి నుంచి బయటికి పోయే దిక్కున అందులో సగమే కుంచించుకుపోతుంది, ఈ తేడా వల్ల మాను నడిమి గుజ్జు ఉన్న ముక్కలో పగుళ్ళు పడతాయి. అందుకే ముఖం, ఛాతీ ఉండే దుంగలో ఆ నడిమి భాగం రాకుండా కోయించాలి, పై తెల్ల చెక్కను చెక్కేసి చేవ వరకు వెళ్ళాలి. ఇది పుస్తకాల్లో దొరికే విషయమే కావచ్చు. కానీ మన ప్రాంతపు గాలి సంగతి పుస్తకాల్లో ఉండదు. సముద్రపు తేమ కార్తికం దాకా చెక్కను ఉబ్బిస్తుంది, రోహిణి కార్తె దాన్ని పీల్చేస్తుంది, ఈ రెంటి మధ్య ఏటా కదిలే కొయ్యకు ఇనుము కొట్టి కదలకుండా బంధిస్తే ఎక్కడో ఒకచోట చీలుతుంది. కాబట్టి భుజానికీ చేతికీ మధ్య ఆయన మేకు వాడలేదు. చేతి చివర నాలుక తీసి, భుజంలో దానికి సరిపడే గాడి తొలిచి, అడ్డంగా ఎదురు చీల దిగేసి, అవసరమైతే ఆ చీల తీసి చేతిని మళ్ళీ విప్పుకునేట్టు అమర్చారు.

అంటే మొన్న విచ్చుకున్న అతుకు విప్పి, ఎండిపోయిన చీలను మార్చి, మళ్ళీ బిగించడానికి వీలుగా చేసిన అతుకు. ఆ రహస్యం తెలిసిన మనిషి ఆరు మైళ్ళ దూరంలో ఉండగా దానిలోకి మూడు ఇనుప మరలు దిగాయి. మామను తీసుకువెళ్ళి చూపించినప్పుడు ఆయన ఆ మరల మీద బొటనవేలు ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పిల్లోడి తప్పేముందమ్మా, లోపల ఏముందో వాడికెట్టా తెలుస్తది" అన్నారు.

పీఠం మీద పేరు ఉంటే ఏమి ఒరుగుతుందని అడిగేవారికి నా మొదటి జవాబు ఈ భుజమే. రాతి విగ్రహం వెయ్యేళ్ళు మరమ్మతు లేకుండా నిలబడవచ్చు. కొయ్య అలా కాదు. అది తరానికి ఒకసారైనా చేసినవారి చేతికో, వారి దగ్గర నేర్చినవారి చేతికో తిరిగి వెళ్ళవలసిన వస్తువు. వైద్యుడి చీటీ మీద వైద్యుడి పేరు ఎందుకుంటుందో, వాహనం మీద శిల్పి పేరు అందుకే ఉండాలి.

ఇక ఆచారం సంగతి. మన సంప్రదాయంలో శిల్పి పేరు చెప్పుకోడు, తన పనిని దేవుడికి అర్పించి పక్కకు తప్పుకుంటాడు, మూర్తికి కళ్ళు తెరిపించే నేత్రోన్మీలనం అయిపోయాక ఆ మూర్తి అతనిది కాదు అని కమిటీలోని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఆ మాటలో అందం కూడా ఉంది, కానీ అది మన దేశపు శాసనాలు చెప్పే మాట కాదు. కర్ణాటకలోని పట్టదకల్లులో 8వ శతాబ్దపు విరూపాక్షాలయాన్ని కట్టిన గుండ అనే స్థపతి పేరు, ఆయనకు దక్కిన అనివారితాచారి బిరుదుతో సహా, శాసనంలో ఉంది. అక్కడే బేలూరులో మదనికలనే స్త్రీ శిల్పాల కింద బళ్ళిగావికి చెందిన దాసోజ వంటి శిల్పుల పేర్లు, ఊళ్ళు చెక్కి ఉన్నాయి. సోమనాథపురంలో మల్లితమ్మ తన పేరును ఒకటి రెండు చోట్ల కాదు, ఎన్నో విగ్రహాల కింద చెక్కుకున్నాడు. వీళ్ళ పేర్ల వల్ల ఆ గుళ్ళ పవిత్రతకు లోటు వచ్చిందని ఎవరూ అనలేదు. ఆ కాలపు రాజులు తమ పేరు పక్కన శిల్పి పేరు ఉండటాన్ని చిన్నతనంగా భావించలేదు.

పేరు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన జిల్లా కథే ఒకటి ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్ళి, దాని కోసం కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాన్ని గెలిచిన రాజు పేరు, ప్రతిష్ఠించిన తేదీ, దాని కోసం ఇచ్చిన దానాలు, అన్నీ శాసనంలో భద్రంగా ఉన్నాయి. ఒక చక్రవర్తి యుద్ధం గెలిచి వెంట తీసుకువెళ్ళేంత ముగ్ధమైన ఆ పసిబాలుణ్ణి రాయిలోంచి తీసిన మనిషి ఎవరో మాత్రం మనకు చేరలేదు. ఉదయగిరి కొండ కింద నిలబడినప్పుడల్లా నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ మనిషే.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. హుస్సేన్ సాగర్‌లో నిలిచిన బుద్ధుణ్ణి ఎవరి హయాంలో తలపెట్టారో, 1990లో విగ్రహం నీళ్ళలో ఎలా మునిగిందో, 1992లో ఎలా పైకి తీశారో తెలుగువారిలో చాలామంది చెప్పగలరు. దాని శిల్పి ఎస్.ఎం. గణపతి స్థపతి అని చెప్పగలిగినవారిని నేను చాలా తక్కువమందిని చూశాను.

ఆ ఉదయగిరిలోనే చెక్క చెంచాల పని ఉంది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కొయ్యలతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేసి, పిడుల మీద సన్నని నగిషీ చెక్కుతారు. అక్కడి ముస్లిం కుటుంబాల్లో తరాలుగా వస్తున్న ఈ పనిని ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తున్నారు. ఉదయగిరి చెక్క చెంచాల సామానుకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) వచ్చింది. అది న్యాయంగా రావలసినదే, నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ గుర్తింపు ఊరికి పేరునిస్తుంది. చెంచా చేసిన చేతికి పేరు ఇవ్వాలంటే మరో అడుగు వేయాలి. ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టంలోనే ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, వ్యక్తిగతంగా నమోదు చేసుకునే వీలుంది. ఆ నమోదును వస్తువు మీది చిన్న చీటీ దాకా తీసుకురావడం అసాధ్యమైన పనేమీ కాదు. చెంచాకే అది సాధ్యమైనప్పుడు, నూటయాభై కిలోల హనుమంతుడి పీఠం మీద రెండు అంగుళాల చోటు దొరకదా?

చట్టం ఇంకొక మాట కూడా అంటుంది. 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, తన హక్కులను పూర్తిగా అమ్ముకున్న తరువాత కూడా ఆ కృతి తనదని చెప్పుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటుంది. శిల్పం ఆ చట్టం దృష్టిలో కళాకృతే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పఫలకాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడవేసినందుకు ఆయన కోర్టుకు వెళ్ళగా, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ ముక్కలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. మా ఆచారి మామ కోర్టుకు వెళ్ళే మనిషి కారు, వెళ్ళాలని నేను చెప్పడమూ లేదు. డబ్బు ముట్టింది కాబట్టి లెక్క తీరిపోయిందన్న మాట చట్టానికి కూడా సమ్మతం కాదని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

డబ్బు మాట వచ్చింది కాబట్టి నాన్నగారి డైరీ గురించి చెప్పాలి. 1994 డైరీలో వాహనం ఖర్చు ఒక పేజీలో ఉంది. టేకు దుంగలు, కోత మిల్లు, రంగులు, కిరీటానికీ ఆభరణాలకూ వేసిన ఇత్తడి రేకు, బండి బాడుగ, సంప్రోక్షణ, భోజనాలు. చివరి వరుసలో "ఆచారి కూలి" అని ఉంది. ఇత్తడి రేకు ఖర్చు కంటే ఆ కూలి తక్కువ. నాన్నగారు పిసినారి కారు, మామ అడిగినదానికంటే పట్టుబట్టి ఎక్కువే ఇచ్చారని నాకు తెలుసు. నన్ను బాధపెట్టేది అంకె కాదు, ఆ మాట. విష్ణువు వంటి ప్రధాన దేవతకు ఉత్తమ దశతాలం అనే విగ్రహ కొలతల లెక్క ప్రకారం శిరస్సు నుంచి పాదం వరకు 124 అంగుళాలని, ఆ అంగుళం దర్జీ టేపు మీది అంగుళం కాదని, మూర్తి ఎత్తును బట్టి ఆ మూర్తికే పుట్టే కొలత అని పన్నెండేళ్ళ పిల్లకు అర్థమయ్యేట్టు తాటాకు ముక్క మడిచి చూపించిన మనిషి పనికి మా ఇంటి డైరీలో దొరికిన మాట "కూలి".

పలక మీద పేరు రాసి ఉంటే ఆ మాట కూడా మారేదని నా నమ్మకం. పేరు లేని పనికి మనిషి కూలి ఇస్తాడు, పేరున్న పనికి వెల కడతాడు. ఇప్పుడిది మునుపటికంటే ముఖ్యమైన విషయం, ఎందుకంటే కంప్యూటరుతో నడిచే సి.ఎన్.సి. యంత్రాలు మన చిన్న పట్నాలకు కూడా వచ్చేశాయి. గజలక్ష్మి బొమ్మ ఉన్న ఫైలు ఒకటి పెట్టుకుంటే ద్వారబంధం ఒక్క పూటలో తయారవుతుంది, పది ఇళ్ళకు ఒకే గజలక్ష్మి, ఒకే ఏనుగు తొండం, ఒకే వంపు. యంత్రాన్ని నేను తప్పుపట్టను. కొత్త ఇల్లు కట్టుకునే మధ్యతరగతి మనిషికి అది అందుబాటు ధర. కానీ చేతి పనికీ యంత్రం పనికీ తేడా కనిపెట్టలేని కొనుగోలుదారు ఎదుట, చేతితో చేసినవాడికి తన పనిని చూపించుకునే దారి ఏముంది? మామ దగ్గర ఉన్నవి రేకు పెట్టెలో పదకొండు ఫోటోలు. వాటిలో నాలుగు చెదలు తిన్నాయి. 2023లో మొదలైన విశ్వకర్మ పథకం కింద వడ్రంగులకూ శిల్పులకూ గుర్తింపు కార్డు, పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఆయన దగ్గర పని నేర్చిన కుర్రవాడు దానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ కార్డు అతను ఏ వృత్తివాడో చెబుతుంది. ఏమి చేశాడో చెప్పవలసింది అతను చేసిన వస్తువే.

ఒక వాహనం ఒక్కరి పని కాదు, పెద్ద ముక్కలు బాడిసతో చెక్కినవారు ఒకరు, ఉప్పుకాగితం పట్టినవారు ఒకరు, రంగు వేసినవారు ఒకరు, ఎందరి పేర్లు రాస్తామని కూడా కమిటీలో అడిగారు. ఇది నిజమైన చిక్కే, నేను దీన్ని కొట్టిపారేయలేను. దీనికి జవాబు కోసం నేను మామ దగ్గరికే వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆయన షెడ్డులో నేల మీద కూర్చుని ఎవరిదో చిన్న పల్లకీ మకరతోరణానికి కన్ను దిద్దుతున్నారు. సంగతి చెప్పాను. పాత పలక తీయించి, మా తాతగారి పేరు కిందనే శిల్పి పేరు ఉండేట్టు కొత్తది చేయిస్తానని, కమిటీకి ఉత్తరం రాశానని, మరలు తీసి భుజం సరిచేసే పని ఆయనదేనని చెప్పాను. "నా పేరెందుకు తల్లీ, దేవుడి సొమ్ముకు" అన్నారు మొదట. నేను మాట్లాడలేదు. కాసేపటికి ఉలి పక్కన పెట్టి, "ఇత్తడి పలక వద్దు, దాన్ని రేపు ఇంకొకరు పీకేస్తారు. పీఠం వెనక పక్కన కొయ్య మీదనే చెక్కుతా. ఇత్తడి మీద మీ తాత పేరు అట్టనే ఉండనీ" అన్నారు.

ఎన్ని పేర్లు చెక్కుతారని అడిగాను. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. తన పేరు, ఆ ఎనిమిది నెలలూ తనతో పనిచేసి మూడేళ్ళ క్రితం పోయిన తమ్ముడి పేరు, రంగులు వేసిన అల్లూరు మనిషి పేరు. "ముగ్గురం. తమ్ముడి పేరు ముందు ఉండాల. మొహం వాడే చెక్కినాడు" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా నేను ఆ ముఖం మామ చెక్కినదనే అనుకుంటున్నాను, నలుగురికీ అలాగే చెబుతున్నాను. కమిటీకి రాసిన ఉత్తరంలో కూడా అలాగే రాశాను. ఆ వాక్యం దిద్ది నిన్న మళ్ళీ పంపించాను. సమావేశం వచ్చే నెల మొదటి వారంలో ఉంది.